వదిలేసిన పదకొండు పేజీలు

నోరు దాని దారిన అది చదువుకుంటూ పోతోంది. మూడు నెలల అలవాటు కదా, కళ్ళు పంక్తి అందుకుంటే చాలు, నోరు వెనకాలే వచ్చేస్తుంది, మధ్యలో తను ఉండక్కర్లేదు. ఇరవై తొమ్మిదో ప్రకరణం, ఆఖరిది. గోడ గడియారంలో మూడు దాటి ఐదు నిమిషాలు. నాలుగు కొట్టేలోపు ఈ పుస్తకం అయిపోవాలి, అవగానే అడగాలి, అడగ్గానే వీళ్ళు ఊఁ అనాలి. అదీ సంగతి. నవల్లో మంచు కురుస్తోంది, మంచులో కథలోని ఆవిడ నడిచొస్తోంది, కాళ్ళు కాలివేళ్ళ దగ్గర్నుంచి కొయ్యబారుతున్నాయి, ఇక్కడ గదిలో ఉక్కపోత, పైన ఫ్యాను తిరుగుతోందో ఆలోచిస్తోందో తెలియడం లేదు. బల్ల చుట్టూ పది కత్తెరలు కిచకిచమంటున్నాయి. పక్క హాల్లో మిషన్లు కుట్టి పడేసిన చొక్కాలు గంపల్లో ఇటొస్తాయి. కాలరు కింద, కఫ్ దగ్గర, గుండీల వెనక వేలాడే దారప్పోగుల్ని కత్తిరించి మడతకి పంపడమే ఈ గది పని. చేతులకీ కళ్ళకీ పనేగానీ చెవులకేం పని? అందుకే ఎప్పటినుంచో మూడింటినుంచి నాలుగింటిదాకా ఒకరు చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. చదివే మనిషి ఆ గంటలో కత్తిరించాల్సిన ముప్ఫై చొక్కాల్నీ తలా మూడు చొప్పున పదిమందీ పంచుకుంటారు. చదివేది తను. అందుకని తన పేరు రేడియో. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, దాంతో ఎవరికీ పనిపడదు.

కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. చూపు ఆనక ఒకావిడ మానేసి మూడు నెలలైంది. సీజను కాదు కదా అని సూపర్వైజరు ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు, నిన్న పెద్ద ఆర్డరొచ్చింది, పొద్దున్నే వచ్చి, "రేపట్నుంచి ఆ కుర్చీలో ఎవరుండాలో ఇవాళ సాయంత్రంలోపు మీరే తేల్చుకోండి, లేదంటే నాక్కనిపించిన మొదటి మనిషిని కూర్చోబెట్టేస్తా" అని చెప్పి పోయాడు. వీళ్ళే తేల్చుకోవడం ఎందుకంటే కొత్తగా వచ్చిన మనిషి మొదటి నెల రోజుకి పన్నెండు చొక్కాలైనా వెనకబడుతుంది. ఆ పన్నెండూ ఎవరు మోస్తారు? రమ్మన్నవాళ్ళే మోయాలి. పన్నెండు చొక్కాలు బల్లమీద పెడతారు, సరేనన్నవాళ్ళు రెండేసి తమవైపు లాక్కుంటారు, ఆరుగురు లాక్కుంటే కుర్చీ దక్కినట్టు, ఒక్క చొక్కా మిగిలినా దక్కనట్టు. నోటితో సరే అనడం ఎంతసేపు, నెలరోజులు మెడ వంచాలంటేనే మనుషులు నిజం చెప్తారు. ఆ కుర్చీ చెల్లెలికి కావాలి.

ఆ చెల్లెలే. ఊళ్ళో అందరి నోళ్ళలో నలిగిన చెల్లెలు. ఏడాదిన్నర కిందట మొగుణ్ణి వదిలేసి, ఆ మొగుడి స్నేహితుడితో, నీళ్ళ మోటార్లు బాగుచేసేవాడితో వెళ్ళిపోయింది. దొంగచాటుగా కూడా కాదు, పట్టపగలు, సంచీ సర్దుకుని, పక్కింటావిడకి వెళ్ళొస్తానండీ అని చెప్పి మరీ. చేస్తున్న మందుల షాపులోంచి వారం తిరక్కుండా తీసేశారు, అమ్మకాలు తగ్గాయట. తర్వాత రెండు చోట్ల చేరింది, సంగతి తెలియగానే రెండు చోట్లా అమ్మకాలు తగ్గాయి. మూడు నెలల కిందట మోటారు జారి అతని చేతిమీద పడింది, ఎముక అతుక్కున్నా పిడికిలి బిగుసుకోవడం లేదు. అతనికి దెబ్బ తగలగానే చెల్లెలొచ్చి వంటింటి గుమ్మానికానుకుని, "అక్కా, మీ గదిలో ఖాళీ ఉందటగా, ఓ మాట అడగవా" అంది. అడుగుతాలే అంది తను. మర్నాడు గదికొచ్చి బల్ల చుట్టూ ఉన్న మొహాలు చూసింది, నోరు పెగల్లేదు. నేరుగా అడిగితే ఛీ అంటారు. ముందు వీళ్ళ మనసు మెత్తబడాలి. ఆ సాయంత్రం లైబ్రరీకి పోయి ఈ నవల తెచ్చింది. పుస్తకాలిచ్చే ఆయన అట్ట దులుపుతూ నవ్వాడు. "వందేళ్ళ పుస్తకమమ్మా, ఇది తీసుకెళ్ళిన మొగుడూ పెళ్ళాలు కలిసొచ్చి తిరిగిచ్చినట్టు నాకు గుర్తులేదు" అన్నాడు.

ఆయనన్నదాంట్లో అబద్ధం లేదు. డాక్టరు పెళ్ళాం, కొండమీది ఊరు, పిల్లలకి సంగీతం చెప్పడానికొచ్చిన మనిషి. నాలుగో రోజుకే బల్ల రెండయింది. ఆ కొస కుర్చీలో ఉండే పెద్దావిడ, మాటకి మాట సూదిలా దించుతుందని అందరూ సూదిమందు అంటారు, ఆవిడ మొదట్లోనే తేల్చేసింది. "కడుపు నిండిన తిప్పలు. ఇంట్లో పనిమనిషి ఉంది, బయట బండి ఉంది, ఇంకేం తోచక ప్రేమ తోచింది." ఈ కొస కుర్చీలో కుళాయి. పేరులోనే ఉంది, తిప్పడమే ఆలస్యం. "మనసుండొద్దా అత్తా, అందరూ నీలాగే రాయిలా పుడతారా" అని ముక్కు చీదింది. ఇక చూడాలి. మధ్యాహ్నం టీకి సూదిమందు వైపువాళ్ళు ఒక బెంచీ, కుళాయి వైపువాళ్ళు ఒక బెంచీ. ఆవిడ సంగీతం మాస్టారికి మొదటి ఉత్తరం రాసినరోజు ఒకామె ఆవేశంలో దారం బదులు గుండీయే కత్తిరించేసింది. ఒకామె ఇంటికెళ్ళి కథ చెప్తే మొగుడు రెండు రోజులు మాట్లాడలేదట, నన్నెందుకు ఎత్తిపొడుస్తున్నావని. ఎవరెటున్నారో రేడియో రోజూ లెక్కపెట్టుకునేది. మొదట్లో ముగ్గురే ఆవిడ వైపు. ఊరివాళ్ళు ఆవిడ బండిమీద బురద చల్లిన ప్రకరణానికి ఐదుగురయ్యారు. ఆ మాస్టారు జ్వరంతో పోయి ఆవిడ ఒంటరిదయ్యేసరికి ఏడుగురు. ఏడుగురంటే చాలు, ఆరుగురే కావాలి.

ఏడుగురు ఊరికే కాలేదు. దాని వెనక తన పనితనముంది. పదకొండో ప్రకరణం చివర్నుంచి పన్నెండో ప్రకరణం సగందాకా పదకొండు పేజీలు తను చదవలేదు. మర్నాడు చదవాల్సింది ముందురోజు వంటింట్లో నిలబడి ఒకసారి చూసుకోవడం అలవాటు, ఆ పదకొండు పేజీలు చదువుతూ పొయ్యిమీద పాలు పొంగబెట్టేసింది. పుస్తకం మొత్తంలో అంత బాగా రాసిన పేజీలు లేవు. వాటినిండా ఆ డాక్టరే. మాటలు రాని మొద్దు మనిషి, పెళ్ళాం అలిగి చలిలో పెరట్లోకి వెళ్ళిపోతే బతిమాలడం చేతకాదు, తలుపు తియ్యమని అడగడం ఆవిడకీ చేతకాదు. ఒకరోజు ఆకురాయి తెచ్చుకుని ఏం చేశాడంటే... సర్లే, ఏదో చేశాడు. అది వింటే గదంతా ఒక్క ఊపున మొగుడి వైపు తిరిగిపోతుంది. తిరిగిపోతే చెల్లెలి పని గోవిందా. అందుకని మర్నాడు పేజీలు పదకొండూ ఒక్కటిగా పట్టుకుని తిప్పేసింది, గొంతులో వణుకు కూడా లేదు. తర్వాత రెండు మూడుచోట్ల డాక్టరు మంచి మాటన్నప్పుడు అదీ మింగేసింది. మొగుళ్ళు మంచివాళ్ళైతే కథలు చిక్కుపడతాయి. చెల్లెలి మొగుడూ మంచివాడే, అతని సంగతి ఇప్పుడెందుకు.

నోరు చదువుతోంది. ఆవిడ వదిలేసి వెళ్ళిన మొగుడింటి గుమ్మం ముందుకొచ్చింది. తలుపు తట్టింది. ఒకసారి. కుళాయి అప్పుడే చొక్కా చేతితో కళ్ళొత్తుకుంటోంది, ఆ చొక్కా ఎవరు తొడుక్కుంటారో పాపం. రెండోసారి తట్టింది. లోపల పొయ్యి దగ్గర డాక్టరు కూర్చునే ఉన్నాడు. ఆవిడ గుమ్మంమీదే చనిపోతుందని ఎవరికి తెలీదు, పుస్తకం చదవనివాళ్ళకీ తెలుసు, అందుకే రాత్రి ఈ ప్రకరణం చూసుకోలేదు తను, చూసుకోవడానికేముందని. అయిపోగానే ఒక్క నిమిషం ఏడవనివ్వాలి. ఏడుపు ఆరకముందే అడగాలి. ఎక్కడ మొదలెట్టాలి? మా చెల్లెలుందండీ అని మొదలెట్టాలి. చెల్లెలికి కూడా నిన్ననే చెప్పింది, రేపు గేటు దగ్గరికొస్తే ఆ పువ్వుల బట్టలు కట్టుకురాకు, కాస్త వాడిన మొహంతో రా అని. "వాడిన మొహం ఎక్కడ్నుంచి తేనే, నాది ఇదే" అని నవ్వింది. దాని నవ్వు వీధి చివరికి వినిపిస్తుంది. ఆ నవ్వు చూస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుంది తనకి, ఎందుకో. మూడోసారి తట్టింది. ఆయన లేవలేదు. ఆయన చెవులు వీధి తలుపు మీద లేవు. ఆయన వెనక తలుపు కోసం వింటున్నాడు, ఆ గడియ ఈ ఏడేళ్ళుగా ఉన్నట్టే ఇవాళా ఒక్క వేలితో తోస్తే తెరుచుకుంటుంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఆవిడ వస్తే అటే వస్తుందని ఆయన...

నోరు ఆగింది. అప్పటికే వాక్యం బయటపడిపోయింది.

కత్తెరలు ఒక్కొక్కటే ఆగాయి. పేజీలు వదిలేసేటప్పుడు చివరికొచ్చి ఇవే అడ్డం పడతాయని కలగందా? సూదిమందు కళ్ళద్దాలు ముక్కుమీదికి దించి చూసింది. "ఏ వెనక తలుపు?"

"ఉంది... వెనకాల."

"వెనక తలుపు వెనకాల కాక ముందుంటుందా. ఏడేళ్ళుగా తోస్తే తెరుచుకోవడమేంటి? మాకెప్పుడూ చదవలేదే?"

అబద్ధం చెప్పచ్చు. ముద్రణలో తప్పనచ్చు, పేజీలు చిరిగాయనచ్చు. పదిమంది చూస్తున్నారు, అందులో ఏడుగురు తను పోగుచేసుకున్న మనుషులు. నోరు మూడు నెలలుగా తనతో పని లేకుండా మాట్లాడుతోంది కదా, ఇప్పుడూ అంతే చేసింది. "పదకొండు పేజీలు వదిలేశాను" అంది.

గదిలో గోలంటే గోల కాదు. మిషన్ల హాల్లోంచి ఎవరో తొంగిచూసి పోయారు. "మూడు నెలల్నుంచి నీ చొక్కాలు మేం కత్తిరిస్తుంటే నువ్వు మాకు పేజీలు కత్తిరిస్తున్నావా?" అని గుండీ కత్తిరించినామె లేచి నిలబడింది. రోజుకి మూడు, మూడు నెలలు, తన కోసం ఎన్ని కాలర్లు తిప్పారో, సిగ్గుతో చెవులు కాలిపోయాయి. సూదిమందు చెయ్యెత్తి అందర్నీ ఆపింది. "తిట్టడానికి రేపుంది. చదువు. అక్షరం పోయినా ఊరుకోను."

చదివింది. ఇప్పుడు మనసు ఎటూ పోలేదు, పోవడానికి దారి లేదు, నోటి పక్కనే కూర్చుని విన్నది. ఆకురాయితో డాక్టరు గడియ కొక్కేన్ని అరగదీయడం, పగలంతా రోగుల్ని చూసి సాయంత్రం ఆవిడ లేనప్పుడు కాస్త కాస్త అరగదీయడం, చలికి వేళ్ళు పగలడం, చివరికి చిటికెనవేలితో తోస్తే తలుపు తెరుచుకోవడం, ఆవిడతో ఒక్క ముక్కైనా చెప్పకపోవడం. మర్నాడు ఆవిడ అలిగి వెళ్ళి ఊరికే చెయ్యి ఆనిస్తే తెరుచుకుంటుంది. ఆవిడకి అర్థమవుతుంది. ఆవిడా ఏమీ అనదు. అంతే. పదకొండు పేజీలకి పదిహేడు నిమిషాలు పట్టింది. తర్వాత మళ్ళీ వెనక్కొచ్చి చివరి పేజీ చదివింది. ఆయన వెనక తలుపు కోసం విన్నాడు, ఆవిడ వీధి తలుపు ముందు కూర్చుండిపోయింది, తెల్లారింది.

చిత్రమేమిటంటే ఎవరూ ఏడవలేదు. కుళాయి మొహం మాడ్చుకుంది. "తోస్తే తెరుచుకునే తలుపు పెట్టుకుని గుమ్మంమీద చచ్చిందా? ఆ మనిషి వేళ్ళు పగలగొట్టుకుని చేస్తే? ఇన్నాళ్ళూ దీనికోసమా నేనేడ్చింది?" ఆవిడతోపాటు ఇంకో ముగ్గురు అవునవునన్నారు. మూడు నెలల కష్టం మూడు నిమిషాల్లో కొట్టుకుపోతుంటే రేడియో కళ్ళప్పగించి చూస్తోంది. సూదిమందు మాత్రం అద్దాలు తీసి తుడుచుకుంటూ అంది. "వెనక తలుపున ఎట్లా వెళ్తుందే? వెళ్ళినప్పుడు ముందు తలుపునే వెళ్ళింది. దొంగలా దూరమంటావా?"

"అదేంటత్తా, మొదట్లో ఆవిడకి రెండు తగిలిస్తే దారికొస్తుందన్నావు?" అంది కుళాయి.

"ఇప్పుడూ అంటాను. తప్పు తప్పే. ఆయనకి చెవులున్నాయి, కాళ్ళు లేవా? లేచి తియ్యొచ్చుగా. నోరు తెరవని మొగుడు, దారి మార్చని పెళ్ళాం, సరిపోయారు." అని అద్దాలు పెట్టుకుని రేడియో వైపు తిరిగింది. "ఇంతకీ ఎందుకు వదిలేశావ్?"

గడియారంలో నాలుక్కి పది. చెప్పేసింది. మా చెల్లెలుందండీ అని మొదలెట్టలేదు, ఎక్కడ మొదలెట్టిందో తనకే తెలీదు, మందుల షాపు, మోటారు, బిగుసుకోని పిడికిలి, ఖాళీ కుర్చీ, మీ మనసు మెత్తబడాలని ఈ పుస్తకం, ఆ పేజీలు, అన్నీ కలగలిపి చెప్పేసింది. విన్నవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. సూదిమందు నెత్తి కొట్టుకుంది. "ఓసి పిచ్చిదానా. ఆ పిల్ల మూడు నెలలుగా ఇంట్లో ఖాళీగా కూర్చుంటే నువ్వు మాకు నవల చదువుతున్నావా? మొదటిరోజే అడిగుంటే మొదటిరోజే అవునో కాదో చెప్పి చచ్చేవాళ్ళం కదే!"

పన్నెండు చొక్కాలు బల్ల మధ్యకొచ్చాయి. కుళాయి చేతులు కట్టుకుంది. "నన్ననకండి. నాకు జాలి లేకపోలేదు. కానీ మొన్న బస్టాపులో చూశాను ఆ అమ్మాయిని, అతనితో కలిసి ఏదో తింటూ పకపకా నవ్వుతోంది. కాస్త బాధపడుతున్నట్టైనా ఉండొద్దూ?" అదీ మాట. పుస్తకంలో ఆవిడకోసం ఎక్కిళ్ళు పెట్టిన మనిషి. ఆవిడ చావబోతోంది కాబట్టి ఏడ్చింది, చెల్లెలు బతికుంది, పైగా లావెక్కింది. రేడియోకి ఒళ్ళు మండింది. మండుతూనే, నిన్న తనూ చెల్లెలికి చెప్పింది ఇదే కదా, వాడిన మొహంతో రమ్మని, అని గుర్తొచ్చి నోరు మూసుకుంది.

మొదటి రెండు చొక్కాలూ సూదిమందే లాక్కుంది. "రమ్మను. తప్పు చేసిందని మొహం మీదే అంటాను. పక్కన కూర్చోబెట్టుకుని అంటాను. ఎక్కడో ఉంటే ఎట్లా అనేది?" గుండీ కత్తిరించినామె రెండు తీసుకుంది, నీ మీద కోపం నీ మీదే ఉంది, ఇది వేరు అంటూ. తర్వాత ఒకామె. తర్వాత ఇంకొకామె. తర్వాత చాలాసేపు ఎవరూ లేరు. అప్పుడు కుళాయి పక్కనుండే ఆవిడ, కుళాయి వైపు చూడకుండా, నెమ్మదిగా చెయ్యి చాపింది. ఐదుగురు. బల్ల మధ్యలో రెండు చొక్కాలు మిగిలాయి. నాలుక్కి రెండు నిమిషాలు. రేడియో మిగతా మొహాల్ని ఒక్కొక్కటే బతిమాలుతున్నట్టు చూసింది. వాళ్ళు కూడా తనవైపే చూస్తున్నారు.

"నువ్వు తీసుకోవేం?" అంది సూదిమందు.

నిజమే. తను తీసుకోలేదు. అడిగేది తనే కాబట్టి తన చెయ్యి అక్కర్లేదనుకుంది. చెయ్యి చాపబోయింది. చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. ఇదేం చోద్యం అనుకునేలోపే, ఏడాదిన్నరగా ఆ పేజీల్లాగే తిప్పేసి పెట్టుకున్నది ముందుకొచ్చి నిలబడింది. చెల్లెలు వెళ్ళిన నాలుగో రోజు దాని మొగుడు తనింటికొచ్చాడు. చేతిలో చెల్లెలి బట్టలు, స్వెట్టర్లు, ఇస్త్రీ చేసి, మడతలు చెదరకుండా. కూర్చోమంటే కూర్చోలేదు. "వదినా, చలికాలం వస్తోంది, దాని దగ్గర స్వెట్టర్లు లేవు. దానికి జలుబు తొందరగా పడుతుంది, ఆవిరి పట్టుకోమని మీరు గట్టిగా చెప్తేగానీ పట్టుకోదు" అన్నాడు. చెప్తానంది తను. చెప్పలేదు. బట్టలు పెట్టెలో పెట్టి మూతేసింది. చెల్లెలు అడిగింది కూడా, ఒకేఒక్కసారి, నవ్వకుండా, ఆయనెలా ఉన్నాడక్కా అని. "బాగానే ఉన్నాడు, నీ పేరు కూడా తలుచుకోవడం లేదు" అంది. దాని మంచికే అన్నాననుకుంది, లేనిపోని దిగులెందుకని. మంచికి కాదు. కోపం. అంత మంచి మనిషిని వదిలేసి పోయినందుకు కోపం, పోయి ఏడవనందుకు ఇంకా కోపం. పదిమంది మనసులు మెత్తబరచడానికి మూడు నెలలు గొంతు చించుకుంది, మెత్తబడని మనిషి పుస్తకం పట్టుకుని కూర్చుంది.

"నాకు దాని మీద కోపంగా ఉందత్తా" అంది.

"ఉండకేం," అంది సూదిమందు, "చొక్కాలు తీసుకో."

గంట మోగింది. కుర్చీలు జరిగాయి, పక్క హాల్లో మిషన్లు ఆగిపోయాయి. సూపర్వైజరు గుమ్మంలోకొచ్చి ఏమైందమ్మా అన్నట్టు తలెగరేశాడు. తను కోపంగానే ముందుకి వంగి ఆ రెండు చొక్కాల్నీ తనవైపు లాక్కుంది. రేపు ఎనిమిదింటికి అది వచ్చి పక్కన కూర్చుంటుంది. ముందు ఆ స్వెట్టర్ల సంగతి, ఆవిరి సంగతి, అతనన్నది అన్నట్టుగా చెప్పాలి, తను అన్న అబద్ధంతో సహా. ఏడిస్తే ఏడవనీ, తిడితే తిట్టనీ. తర్వాత తను తిడుతుంది, ఏడాదిన్నరది మొత్తం.